గడ్డ అంటే క్యాన్సరేనా? మైక్రోస్కోప్ కింద మేం ఏం చూస్తామో చెప్తాను

మన వీడియోల కింద మీరు పెట్టే ప్రశ్నలన్నీ కూర్చుని చదివాను. వాటిలో ఎక్కువ భాగం ఒకటే ప్రశ్న. "మెడ మీద గడ్డ ఉంది, క్యాన్సరా?" "అమ్మకి గర్భసంచిలో గడ్డలున్నాయన్నారు, క్యాన్సర్ అయిపోతుందా?" "రొమ్ములో చిన్న కాయలాగా తగులుతోంది, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఏం చేయాలి?" ఇలాంటివే. అందుకే ఇవాళ దీని గురించే మాట్లాడుకుందాం. కొంచెం పెద్ద ఎపిసోడ్ అవుతుంది, ఓపిగ్గా చివరిదాకా వినండి.

కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం ఒక మాట. నేను పాథాలజిస్ట్‌ని. పేషెంట్లు చాలామంది ఈ డాక్టర్‌ని అసలు చూడరు. ఆపరేషన్ థియేటర్లో తీసిన గడ్డ, సూదితో లాగిన నాలుగు చుక్కలు, ఎండోస్కోపీలో గిల్లి తీసిన చిన్న ముక్క, ఇవన్నీ చివరికి వచ్చేది మా బల్ల మీదికే. "ఇది క్యాన్సర్", "ఇది కాదు" అని కాగితం మీద రాసి సంతకం పెట్టేది మేమే. ఆ కాగితం వెనకాల ఏం జరుగుతుందో ఇవాళ చెప్తాను.

ముందుగా మాట గురించి. మన తెలుగులో ఒంట్లో ఏది ఉబ్బినా గడ్డే. చీము పట్టిన సెగ్గడ్డ, గడ్డే. చేతి మీద మెత్తగా కదిలే కొవ్వు గడ్డ, గడ్డే. అండాశయంలో నీటి తిత్తి ఉన్నా గడ్డ అనే అంటారు. కాలికి పుండు పడి గజ్జల్లో బిళ్ళ కట్టినా, టీబీ వల్ల మెడ పక్కన గ్రంథులు వాచినా అదే మాట. చివరికి క్యాన్సర్‌ని కూడా గడ్డ అనే అంటాం. అందుకే డాక్టర్ నోట "గడ్డ" అనే మాట రాగానే మన చెవికి వినిపించేది మాత్రం క్యాన్సర్.

వీటిలో కొన్ని అసలు కణితులే కాదు. సెగ్గడ్డ ఇన్ఫెక్షన్. టీబీ బిళ్ళ కూడా ఇన్ఫెక్షనే, మందులు పూర్తిగా వాడితే తగ్గుతుంది. కణితి అంటే, ట్యూమర్ అంటే, ఒంట్లో ఒకచోట కణాలు అవసరం లేకపోయినా పెరుగుతూ పోవడం. మామూలుగా మన కణాలకి ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆగాలో ఒక కట్టుబాటు ఉంటుంది. వేలు తెగితే చర్మం పెరుగుతుంది, గాయం మూసుకోగానే ఆగిపోతుంది. కణితిలో ఆ ఆగడం ఉండదు. ఇక్కడిదాకా మామూలు కణితీ, క్యాన్సరూ రెండూ ఒకటే. మరి తేడా ఎక్కడ?

పొలం ఉన్నవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మీ చేలో ఒక పుట్ట లేచిందనుకోండి. అది ఏళ్ళ తరబడి పెరుగుతుంది. చుట్టూ ఉన్న మొక్కల్ని పక్కకి నెడుతుంది. కానీ గట్టు దాటి పక్కవాళ్ళ చేలోకి వెళ్ళదు. తవ్వి తీసేస్తే సాధారణంగా పని అయిపోతుంది. బినైన్ ట్యూమర్, అంటే క్యాన్సర్ కాని కణితి, అలాంటిది. చుట్టూ ఒక పొరలాగా కట్టుకుని అందులోనే పెరుగుతుంది. పక్కనున్న కండనో నరాన్నో నొక్కుతుందే గానీ లోపలికి చొచ్చుకుపోదు.

ఇప్పుడు తుంగ తీసుకోండి. పైన కోసేస్తే కింద దుంప ఉంటుంది, మట్టిలోనుంచే గట్టు కింద దూరి అవతల లేస్తుంది. వయ్యారిభామ అయితే ఇంకా ఘోరం. దాని గింజలు గాలికీ నీటికీ కొట్టుకుపోయి ఎక్కడో ఇంకో ఊళ్ళో మొలుస్తాయి. క్యాన్సర్ ఈ రెండు పనులూ చేస్తుంది. గట్టు దాటుతుంది. రక్తంలో, లింఫ్ నాళాల్లో కొట్టుకుపోయి కాలేయంలోనో, ఊపిరితిత్తుల్లోనో, ఎముకలోనో మళ్ళీ మొలుస్తుంది. దీన్నే మెటాస్టాసిస్ అంటాం. "స్ప్రెడ్ అయింది" అని మీరు వింటారే, అదే.

కాబట్టి తేడా సైజులో లేదు. కడుపులో ఫుట్‌బాల్ అంత పెరిగిన గడ్డ బినైన్ కావచ్చు. బఠాణీ గింజంత ఉన్నది క్యాన్సర్ కావచ్చు. నొప్పిలో కూడా లేదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే "నొప్పి లేదు కదా, ఏం కాదులే" అని ఊరుకునేవాళ్ళే మనలో ఎక్కువ. చీము గడ్డకి విపరీతమైన నొప్పి ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ గడ్డకి మొదట్లో చాలామందిలో నొప్పే ఉండదు.

సరే, ఇప్పుడు మా ల్యాబ్‌లోకి రండి. మీ ఒంట్లోంచి తీసిన ముక్క ఫార్మలిన్ అనే ద్రవంలో మునిగి మా దగ్గరికి వస్తుంది. దాన్ని మైనంలో బిగించి, కాగితం కన్నా చాలా సన్నటి పొరలుగా కోస్తాం. గాజు పలక మీద పరిచి రెండు రంగులు వేస్తాం. కణం మధ్యలో ఉండే కేంద్రకం ఊదాగా, మిగతాది గులాబీగా కనిపిస్తుంది.

కొవ్వు గడ్డ అయితే చూడగానే తెలిసిపోతుంది. అక్కడి కొవ్వంతా మా రసాయనాల్లో కరిగిపోయి ఖాళీ గదులు మిగులుతాయి. అచ్చం తేనెపట్టులా ఉంటుంది. కేంద్రకాలు చిన్నగా, అన్నీ ఒకేలాగా, పక్కకి ఒదిగి ఉంటాయి. క్యాన్సర్ స్లైడ్ అయితే వేరు. కేంద్రకాలు పెద్దవి, ఒక్కొక్కటి ఒక్కో ఆకారం, ముదురు రంగు. విడిపోతూ ఉన్న కణాలు ఎక్కువగా కనిపిస్తాయి. గ్రంథులు ఉండాల్సిన వరుస చెదిరిపోయి ఉంటుంది. వీటన్నిటికన్నా ముఖ్యంగా మేం వెతికేది ఆ గట్టునే. కణాలు తమ హద్దు లోపలే ఉన్నాయా, దాటాయా?

దీనికి థైరాయిడ్‌లో మంచి ఉదాహరణ ఉంది. ఫాలిక్యులర్ అడినోమా అని ఒక బినైన్ గడ్డ. ఫాలిక్యులర్ కార్సినోమా అని ఒక క్యాన్సర్. రెండింటిలో కణాలు చూడ్డానికి ఒకేలా ఉండొచ్చు. తేడా ఒక్కటే, చుట్టూ ఉన్న పొరనో, రక్తనాళాన్నో చీల్చుకుని బయటికి వెళ్ళాయా లేదా అన్నది. అందుకే సూదితో తీసిన కణాలు చూసి ఈ రెండింటినీ విడదీసి చెప్పలేం. గడ్డ మొత్తం మా బల్ల మీదికి రావాలి. "సూది పరీక్ష చేశారు కదా, ఇంకా తేల్చి చెప్పరేంటి, డబ్బుల కోసమా?" అని కొంతమంది కోప్పడతారు. అక్కడ డాక్టర్ దాచిపెట్టింది ఏమీ లేదండి. ఆ చుక్కలో ఆ సమాధానం ఉండదు, అంతే. ఒక్క మంచి మాట, థైరాయిడ్‌లో తగిలే గడ్డల్లో నూటికి 90కి పైగా క్యాన్సర్ కానివే.

ఇప్పుడు రిపోర్టులో పేర్లు. మీరు రిపోర్టు రాగానే ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు, లేకపోతే గూగుల్‌లో కొడతారు. నాకు తెలుసు. అందుకే కొంచెం అక్షరాలు నేర్పిస్తాను. చివర "ఓమా" అని ఉంటే సాధారణంగా కణితి. లైపోమా, అంటే కొవ్వు గడ్డ. ఫైబ్రోఅడినోమా, రొమ్ములో వచ్చే మామూలు గడ్డ. లియోమయోమా, గర్భసంచిలో వచ్చే ఫైబ్రాయిడ్. ఇవి బినైన్. "కార్సినోమా" అనో "సార్కోమా" అనో ఉంటే క్యాన్సర్. కానీ మోసం చేసే పేర్లు కొన్ని ఉన్నాయి. లింఫోమా, మెలనోమా, మైలోమా... వినడానికి లైపోమాలాగే ఉంటాయి, కానీ ఇవి క్యాన్సర్లే. అటువైపు గ్రాన్యులోమా అని ఉంటుంది, అది కణితే కాదు. మన దగ్గర దానికి టీబీ ఒక ముఖ్య కారణం. లుకేమియాకి అసలు గడ్డే ఉండదు, అది రక్తం క్యాన్సర్. కాబట్టి పేరు చూసి మీరే తీర్పు చెప్పుకోకండి.

రొమ్ము స్కానింగ్ రిపోర్టులో "బైరాడ్స్" అని పక్కన ఒక అంకె ఉంటుంది. ఆ అంకె క్యాన్సర్ స్టేజ్ కాదు! ఇది చెప్పకపోతే బైరాడ్స్ 3 చూసి "మూడో స్టేజ్" అనుకుని ఇల్లంతా ఏడుస్తారు. 2 అంటే బినైన్. 3 అంటే బినైన్ అయ్యే అవకాశమే చాలా ఎక్కువ, క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి 2 లోపు. సాధారణంగా ఆరు నెలలకి మళ్ళీ స్కాన్ చేసి చూస్తారు. 4, 5 అయితే ముక్క తీసి చూడాలి. 0 అంటే ఇంకా పరీక్షలు కావాలి అని అర్థం, ఏమీ లేదని కాదు.

మరి బినైన్ అని తేలితే ఇంక పట్టించుకోనక్కర్లేదా? అలా కూడా కాదు. అది ఎక్కడ ఉందన్నది ముఖ్యం. వీపు మీద కొవ్వు గడ్డ ఇరవై ఏళ్ళు ఉన్నా ఏమీ కాదు. అదే తలలో మెనింజియోమా ఉందనుకోండి. అది చాలావరకు బినైనే. కానీ పుర్రె అనేది మూసిన పెట్టె. లోపల చోటు లేదు. మెదడుని నొక్కితే తలనొప్పి, వాంతులు, ఫిట్స్, చూపు తగ్గడం మొదలవుతాయి. పిట్యూటరీ గ్రంథిలో చిన్న అడినోమా వచ్చినా హార్మోన్లు తారుమారు అవుతాయి. పెళ్ళి కాని అమ్మాయికి పీరియడ్స్ ఆగిపోయి రొమ్ముల్లోంచి పాలు రావడం దాని వల్ల కావచ్చు. ఇంట్లోవాళ్ళు ఇంకేదో అనుమానిస్తారు. పాపం ఆ పిల్ల ఎవరికీ చెప్పుకోలేదు. చాలామందికి మాత్రలతోనే తగ్గే జబ్బు అది.

ఇంకో ప్రశ్న, బినైన్ గడ్డ తర్వాత క్యాన్సర్‌గా మారుతుందా? కొవ్వు గడ్డలు దాదాపుగా మారవు. మామూలు ఫైబ్రోఅడినోమా మారడం చాలా అరుదు. ఫైబ్రాయిడ్లూ అంతే. కానీ పెద్దపేగులో వచ్చే అడినోమా పాలిప్స్ అలా కాదు. వాటిలో కొన్ని ఏళ్ళ తరబడి నెమ్మదిగా క్యాన్సర్ అవుతాయి. కొలనోస్కోపీలో కనిపించగానే తీసేస్తే ఆ క్యాన్సర్‌ని రాకముందే ఆపినట్టు. గుట్కా నమిలేవాళ్ళకి నోట్లో వచ్చే తెల్లమచ్చ కూడా అంతే, గడ్డ కాకపోయినా దాన్ని వదిలేయకూడదు.

ఇక్కడ మన అమ్మల గురించి మాట్లాడాలి. ఫైబ్రాయిడ్లు ఎంత మామూలంటే, 50 ఏళ్ళు వచ్చేసరికి సగానికి పైగా ఆడవాళ్ళకి ఉంటాయి. చాలామందికి ఉన్నట్టు కూడా తెలియదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళని గర్భసంచి ఆపరేషన్ గురించి అడిగారు. దేశం మొత్తం మీద నూటికి 3.2 మందికి గర్భసంచి తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశం సగటుకి రెండింతలు దాటింది. మన ఆడవాళ్ళ గర్భసంచులేమైనా వేరేగా ఉన్నాయా? లేవు కదా.

ఈ ఆపరేషన్లన్నీ అనవసరమని నేను అనడం లేదు. రక్తం పోయి పోయి మనిషి తెల్లగా పాలిపోతుంటే, వేరే వైద్యం పని చేయకపోతే, చేయాల్సిందే. కానీ "గడ్డ ఉంది, ఇప్పుడే తీయకపోతే క్యాన్సర్ అవుతుంది" అన్న ఒక్క మాట మీద ముప్పై రెండేళ్ళ మనిషి గర్భసంచి తీయించుకోకూడదు. మాత్రలు ఉన్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది, గడ్డ వరకే తీసే ఆపరేషన్ ఉంది. ఏ ఇబ్బందీ లేకపోతే ఊరికే గమనిస్తూ ఉండొచ్చు. చిన్న వయసులో గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలకీ గుండెకీ దెబ్బ. అనవసరంగా గర్భసంచి తీయడాన్ని ఆపే మార్గదర్శకాలు అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలకి చెప్పింది. మీ అమ్మకో, పిన్నికో, అక్కకో ఇలా చెప్తే వెంట మీరు వెళ్ళండి. రిపోర్టు ఇంకో గైనకాలజిస్ట్‌కి చూపించండి.

ఇప్పుడు మీ వయసువాళ్ళ సంగతి. అమ్మాయిలూ, ఇరవైల్లో రొమ్ములో గుండ్రంగా, రబ్బరులాగా, వేలు పెడితే అటూ ఇటూ జారిపోయే గడ్డ తగిలితే చాలావరకు అది ఫైబ్రోఅడినోమా. కానీ "చాలావరకు" అన్నాను, "అంతే" అనలేదు. డాక్టర్ చేత్తో చూడాలి, అల్ట్రాసౌండ్ తీయాలి, అవసరమైతే సూది పరీక్ష. ఈ మూడూ ఒకే మాట చెప్తే నిశ్చింతగా ఉండొచ్చు. చాలాసార్లు ఆపరేషనే అక్కర్లేదు. మన ఇళ్ళలో "బయటికి తెలిస్తే సంబంధాలు రావు" అని దీన్ని దాస్తారు. తల్లిదండ్రులు ఎవరైనా వింటుంటే చెప్తున్నాను, ఒక స్కానింగ్‌తో తేలిపోయే విషయాన్ని రెండేళ్ళు దాచి ఆ పిల్ల నిద్ర పాడుచేయకండి.

అబ్బాయిలూ, మీరు ఇంకా ఎక్కువ సిగ్గుపడతారు. వృషణంలో నొప్పి లేని గట్టి గడ్డ తగిలితే ఆ వారంలోనే డాక్టర్‌ని కలవండి. వృషణాల క్యాన్సర్ వచ్చేది ఎక్కువగా 15 నుంచి 35 ఏళ్ళ మధ్యే. బాగా నయమయ్యే క్యాన్సర్లలో అదొకటి. నయమయ్యేదాన్ని సిగ్గుతో ముదరబెట్టుకోవద్దు.

ఇంక ఎప్పుడు ఆగకుండా వెళ్ళాలి? గడ్డ వారాల్లోనే పెరుగుతుంటే. రాయిలా గట్టిగా ఉండి, కదపబోతే కదలకపోతే. కండలో లోతుగా ఉన్నా, 5 సెంటీమీటర్లు దాటినా. రొమ్ము మీద చర్మం లోపలికి గుంట పడితే, చనుమొన నుంచి రక్తం వస్తే. మెడలోనో చంకలోనో బిళ్ళ మూడు నాలుగు వారాలైనా తగ్గకపోతే. నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోతే. పుట్టుమచ్చ రంగో అంచో మారుతుంటే. వీటిలో ఏది ఉన్నా క్యాన్సర్ అని కాదు, తేల్చుకోవాలి అని. ఈలోగా జిల్లేడు పాలు పూయడం, వాతలు పెట్టించుకోవడం, పిండించడం చేయకండి. గడ్డ అక్కడే ఉంటుంది, పైన పుండు పడుతుంది, తర్వాత మాకు చూడ్డం కష్టమవుతుంది.

"ముక్క తీస్తే పాకిపోతుంది" అని పెద్దవాళ్ళు అంటారు. ఈ మాట ఎందుకు పుట్టిందో నాకు అర్థమవుతుంది. ముదిరాక హాస్పిటల్‌కి వెళ్తారు, అక్కడ ముక్క తీస్తారు, కొన్నాళ్ళకి మనిషి పోతాడు. చూసినవాళ్ళకి ముక్క తీయడం వల్లే పోయినట్టు కనిపిస్తుంది. నిజానికి అది అప్పటికే పాకింది. సూది వల్ల క్యాన్సర్ పాకడం అత్యంత అరుదు. ఆ కొద్దిపాటి ప్రమాదం ఉన్న చోట, ఉదాహరణకి వృషణంలో, డాక్టర్లు సూది పెట్టకుండా వేరే దారిలో వెళ్తారు.

ఇవాళ చెప్పదలుచుకున్న అసలు మాట ఇప్పుడు చెప్తాను. తీసిన ప్రతి గడ్డా ల్యాబ్‌కి వెళ్ళాలి. నా దగ్గరికి ఒక ఇరవై నాలుగేళ్ళ అబ్బాయి శాంపిల్ వచ్చింది. భుజం వెనక గడ్డ. అంతకు ఎనిమిది నెలల ముందు ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో తీయించుకున్నాడు. "కొవ్వు గడ్డే" అన్నారు, పరీక్షకి పంపలేదు, పారేశారు. అది మళ్ళీ అదే చోట లేచింది. ఈసారి స్లైడ్ మీద చూస్తే సార్కోమా, అంటే క్యాన్సర్. మొదటి గడ్డ పంపించి ఉంటే మాకు ఎనిమిది నెలలు చేతిలో ఉండేవి. పోయినదాన్ని ఇప్పుడు ఏ మైక్రోస్కోప్ కిందా పెట్టలేం. అనుభవం ఉన్న సర్జన్ చెయ్యి చాలా చెప్తుంది, నేను కాదనను. కానీ గట్టు దాటిందా లేదా అన్నది చేతికి తెలియదు.

కాబట్టి ఆపరేషన్‌కి ముందే అడగండి. "సార్, తీసింది బయాప్సీకి పంపిస్తారా?" అని. మర్యాదగా అడిగితే ఎవరూ తప్పు పట్టరు. గడ్డని మీ చేతికే ఇచ్చి ల్యాబ్‌కి తీసుకెళ్ళమంటే, అది ఫార్మలిన్‌లో ఉందో లేదో అడగండి. మంచినీళ్ళలోనో, సెలైన్‌లోనో వేసిస్తే దారిలోనే పాడైపోతుంది, మాకు ఏమీ తేలదు. రిపోర్టు వచ్చాక ఫోన్‌లో ఒక ఫొటో, ఫైల్లో ఒక కాగితం దాచుకోండి. ఇంకో విషయం చాలామందికి తెలియదు. ఆ మైనం దిమ్మని బ్లాక్ అంటాం. దాన్నీ, స్లైడ్లనీ ల్యాబ్‌లో ఏళ్ళ తరబడి దాచి ఉంచుతాం. రెండో అభిప్రాయం కావాలంటే అడిగి తీసుకోవచ్చు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్ లాంటి చోటికి వెళ్తే ముందు అడిగేది కూడా అవే, "బ్లాకులు, స్లైడ్లు తెచ్చారా?" అని.

డబ్బు భయం ఉంటే తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి, క్యాన్సర్ వైద్యం వాటి కిందికి వస్తుంది. అర్హత ఉందో లేదో హాస్పిటల్లో ఉండే మిత్ర కౌంటర్లో అడగండి.

నా బల్ల మీదికి వచ్చే గడ్డల్లో క్యాన్సర్ కానివి చాలా ఉంటాయి. "నో ఎవిడెన్స్ ఆఫ్ మెలిగ్నెన్సీ" అని రాసి సంతకం పెట్టిన రోజు, ఆ కాగితం అందుకునే మనిషిని నేను చూడను. అయినా ఆ రాత్రి వాళ్ళింట్లో అందరూ కడుపునిండా అన్నం తింటారని నాకు తెలుసు. అటువైపు రాయాల్సి వచ్చినప్పుడు, ఎంత తొందరగా రాయగలిగితే అంత మంచిది. రెండింటికీ ముందు ఆ ముక్క మా దాకా రావాలి. మీ ఒంట్లో ఏదైనా తగులుతుంటే ఈ వీడియో ఆపేసి, ఇంట్లో ఎవరో ఒకరికి చెప్పండి. రేపు ఓపీకి వెళ్ళండి.

ఒక్క మనవి. కింద మీ రిపోర్టుల ఫొటోలు పెట్టకండి, పేరూ ఫోన్ నంబరూ అందరికీ కనిపిస్తాయి. ప్రశ్న మాత్రం రాయండి. స్లైడ్ చూడకుండా నేను జబ్బు పేరు చెప్పను గానీ, మీ డాక్టర్‌ని ఏం అడగాలో చెప్తాను. వచ్చే ఎపిసోడ్‌లో సూది పరీక్షకీ, బయాప్సీకీ తేడా ఏంటో చూద్దాం. ఉంటాను మరి, జాగ్రత్త.